పంతులమ్మ చూపు ఎంతమందికి సరిపోతుంది?

అన్నం పంచితే తరుగుతుంది, విద్య పంచితే పెరుగుతుంది అని మన పెద్దల మాట. ఆ మాట నిజమే. ఎక్కాలు నేర్పినంత మాత్రాన నేర్పినవారి దగ్గర ఎక్కాలు తగ్గిపోవు. అయితే బడిలో పంచేది విద్య ఒక్కటే కాదు. పంతులమ్మ చూపు కూడా అక్కడ పంచవలసి ఉంటుంది. ఏ పిల్లవాడికి వెనుక బెంచీ నుండి నల్లబల్ల కనబడడం లేదో, ఏ పిల్లకు 'బ'కూ 'భ'కూ తేడా తెలియలేదో, ఎవరు పొద్దున ఏమీ తినకుండా వచ్చి కూర్చున్నారో కనిపెట్టే చూపు అది. ఆ చూపు పంచితే పెరగదు, అన్నంలాగే తరుగుతుంది. గంటకు అరవై నిముషాలే. తరగతిలో ఇరవైమంది ఉంటే తలకు మూడు నిముషాలు, నలభైమంది ఉంటే ఒకటిన్నర నిముషం.

తరిగిపోయేదాన్ని పంచవలసి వచ్చినప్పుడే న్యాయం అనే ప్రశ్న పుడుతుంది. గాలి అందరికీ చాలినంత ఉన్నది గనుక దాన్ని పంచడానికి పెద్దమనుషులు అక్కరలేదు. పంతులమ్మ చూపు అలాంటిది కాదు. అది చాలనప్పుడు ఎవరికి తగ్గించాలి? తగ్గినందుకు ఎవరు జవాబు చెప్పాలి?

ఈ ప్రశ్నను ఈ వారం కరీబియన్ సముద్రంలోని చిన్న దీవులను చూస్తూ ఆలోచిద్దాం. క్రికెట్ పుణ్యమా అని వెస్టిండీస్ అనే పేరు మనందరికీ తెలుసు. కాని అది ఒక దేశం కాదు, అనేక దీవుల గుంపు. గ్రెనడా వైశాల్యం 344 చదరపు కిలోమీటర్లు, మోంట్సెరాట్ 102, అంగ్విల్లా 91. అంటే ఒక్కొక్కటి మన మండలాలంతటివి. ఇంత చిన్న చోట ఏదీ దాగదు. ఒక టీచరు ఉద్యోగం మాని విమానం ఎక్కితే ఏ తరగతి ఖాళీ అయిందో, ఆ పిల్లలు ఏ గదిలో సర్దుకున్నారో దీవి అంతటికీ తెలిసిపోతుంది.

ముందుగా ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పుకోవాలి. ఈ దీవులలో చాలావాటిలో ప్రాథమిక పాఠశాల పిల్లల సంఖ్యను టీచర్ల సంఖ్యతో భాగిస్తే ఇరవైకి లోపే వస్తుంది. మరి ఇరుకు ఎక్కడిది అని అడగవచ్చు. సగటు అనేది ఏ తరగతిలోనూ కూర్చోదు. రాజధానిలో పిల్లలు కిక్కిరిసిన బడి ఉంటుంది, కొండమీది పల్లెలో పదిమంది పిల్లలకు మూడు తరగతులు కలిపి చెప్పే ఒక్క టీచరు ఉంటుంది. రెండూ కలిపి భాగిస్తే అంతా బాగున్నట్టే కనబడుతుంది. ఈ లెక్క రాజధానిలో ఇరుక్కుని కూర్చున్న పిల్లకు ఊరట కాదు.

ఆ ఇరుకు ఎలా వస్తుందో చూద్దాం. మొదటి కారణం ప్రకృతి. మోంట్సెరాట్ దీవిలో 1995 జూలై 18న సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం మేల్కొన్నది. రాజధాని ప్లిమత్‌ను 1996లో పూర్తిగా ఖాళీ చేయించారు. 1997 జూన్ 25న కొండ మీదనుండి దూసుకువచ్చిన మండే బూడిద, రాళ్ళ ప్రవాహంలో 19 మంది చనిపోయారు. దక్షిణ భాగమంతా నిషేధిత ప్రాంతమైపోయింది. ఉత్తరాన మిగిలిన బళ్ళు, దేవాలయాలు నిరాశ్రయులకు శిబిరాలయ్యాయి. కుటుంబాలు పడుకునే గదిలో పాఠం చెప్పడం ఎలా? పదివేలు దాటిన జనాభాలో మూడింట రెండు వంతులమంది ఆంటిగ్వాకో ఇంగ్లండుకో వెళ్ళిపోయారు, వారితోపాటు టీచర్లూ వెళ్ళారు. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుఫాను బార్బుడా దీవిని తుడిచిపెట్టింది. వెనుకనే మరో తుఫాను వస్తున్నదని అక్కడి ప్రజలందరినీ కొద్ది రోజులలోనే పక్కనున్న ఆంటిగ్వాకు తరలించారు. రెండువేలకు లోపు జనమే అయినా వారి పిల్లలు వందల సంఖ్యలో ఉన్నారు. ఆంటిగ్వా బళ్ళు ఆ పిల్లలను చేర్చుకున్నాయి. 2024 జూలై 1న బెరిల్ తుఫాను గ్రెనడాకు చెందిన కారియకు దీవిని కొట్టినప్పుడు అక్కడి బళ్ళ పైకప్పులు కూడా ఎగిరిపోయాయి.

రెండవ కారణం అభివృద్ధి. టర్క్స్ అండ్ కైకోస్ దీవులలో ప్రొవిడెన్షియాలెస్ అనే దీవి ఉంది. 1980లో అక్కడ వెయ్యిమంది కూడా లేరు. 2012 జనాభా లెక్కలలో అది 23 వేలు దాటింది. విదేశీ యాత్రికుల కోసం హోటళ్ళు లేచాయి. వాటిని కట్టడానికి, ఊడ్చడానికి, వండి వడ్డించడానికి హైతీ నుండి, జమైకా నుండి, ఫిలిప్పీన్స్ నుండి మనుషులు వచ్చారు. మనుషులు వచ్చినచోటికి పిల్లలూ వస్తారు. హోటలు గదులు పెరిగినంత వేగంగా బడి గదులు పెరగలేదు.

మూడవ కారణం టీచర్లు నిలవకపోవడం. చిన్న దీవి ఖజానా చిన్నది. 2017 సెప్టెంబరు 18న మరియా తుఫాను డొమినికా దీవికి చేసిన నష్టం ఆ దేశపు ఏడాది ఆదాయానికి రెండింతలు దాటింది. అప్పు తెచ్చి రోడ్లు, ఆసుపత్రులు తిరిగి కట్టుకునే ప్రభుత్వం టీచరు జీతం ఎంత పెంచగలదు? ఈ లోపల ఇంగ్లండు నుండి, అమెరికా నుండి పిలుపు వస్తుంది. భాష ఇంగ్లీషే గనుక కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. 2001 ప్రాంతంలో న్యూయార్కు నగర బళ్ళకోసం జమైకా తదితర దీవుల నుండి అనుభవజ్ఞులైన టీచర్లను వందల సంఖ్యలో తీసుకుపోయారు.

ఖాళీ అయిన కుర్చీలోకి ఎవరు వస్తారు? కొంచెం డబ్బున్న దీవి కొంచెం పేద దేశం నుండి తెచ్చుకుంటుంది. మోంట్సెరాట్ బళ్ళలో గయానా, జమైకా నుండి వచ్చిన టీచర్లు పాఠాలు చెబుతున్నారు. గయానాలో ఖాళీ అయిన కుర్చీలోకి ఎవరు వస్తారు? ఇలా ఒకరి వెనుక ఒకరు కదిలితే ఖాళీ తీరదు, ఇంకొక చోటికి మారుతుంది, అంతే. చివరికి అది ఎక్కడ ఆగుతుందంటే, ఇంకెవరినీ పిలిపించుకోలేని పల్లె బడిలో ఆగుతుంది.

ఇరుకు బడికి పూర్వం ఒక ఉపాయం కనిపెట్టారు. ఆ ఉపాయం మన ప్రాంతం నుండే బయలుదేరింది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరి 1789 నుండి మద్రాసులోని ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం చూసేవాడు. అక్కడి వీధి బడులలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం, ఒకరికొకరు చెప్పుకోవడం గమనించి, పెద్ద పిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతిని ఆశ్రమంలో పెట్టాడు. 1797లో లండనులో దానిపై పుస్తకం వేశాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండులో వ్యాపించి, బ్రిటిషువారి వెస్టిండీస్ దీవులకు కూడా చేరింది. 1834 ఆగస్టు 1న అక్కడ బానిసత్వం రద్దయ్యాక, ఎన్నడూ అక్షరం చూడనివ్వని తల్లిదండ్రులు తమ పిల్లలను బడికి పంపించారు. పిల్లలు వేలు, టీచర్లు పిడికెడు. పెద్ద పిల్లలచేత చెప్పించడమే దారి అయింది.

ఆ పద్ధతిని తక్కువ చేయనక్కరలేదు. దాని వల్ల ఎందరికో అక్షరాలు వచ్చాయి. కాని అది పంచింది పాఠాన్నే, చూపును కాదు. పన్నెండేళ్ళ పిల్లవాడు ఎనిమిదేళ్ళవాడికి ఎక్కం అప్పజెప్పగలడు. వాడు మూడు రోజులుగా ఎందుకు మాట్లాడడం లేదో కనిపెట్టలేడు. అందుచేత ఇరుకు బడిలో మొదట నష్టపోయేది చురుకైన పిల్లవాడు కాదు. వాడు ఎలాగో నేర్చుకుంటాడు. నష్టపోయేది నిదానంగా నేర్చుకునే పిల్ల, ఇంట్లో చెప్పేవారు లేని పిల్ల, బిడియంతో చెయ్యి ఎత్తని పిల్ల. సమానం కానివారికి సమానంగా పంచడం కూడా అన్యాయమే అని అరిస్టాటిల్ నేర్పాడు. తలకు ఒకటిన్నర నిముషం చొప్పున పంచడం చూడటానికి సమానమే. కాని ఆ నిముషంన్నరతో ఒకరు పరీక్ష గట్టెక్కుతారు, ఇంకొకరు బడి మానేస్తారు.

ఇప్పుడు బాధ్యత సంగతికి వద్దాం. ముగ్గురిని విచారించాలి.

మొదట, వెళ్ళిపోయిన టీచరు. ఆమెది తప్పా? తొందరపడి తీర్పు చెప్పకూడదు. మనుషులకు న్యాయమైన కారణంతో వలస వెళ్ళే హక్కు ఉన్నదని జాన్ XXIII పోపుగారు 1963లో వెలువరించిన శాంతి లేఖలో శ్రీసభ స్పష్టంగా చెప్పింది. టీచరు దీవికి ఆస్తి కాదు. ఆమెకూ పిల్లలున్నారు, ముసలి తల్లిదండ్రులున్నారు. చరిత్రనూ చూడండి. సెయింట్ లూసియా దీవిలో 1915లో పుట్టిన ఆర్థర్ లూయిస్ తల్లిదండ్రులిద్దరూ ఆంటిగ్వా నుండి వలస వచ్చిన టీచర్లు. వారు కదలడంవల్ల ఆంటిగ్వాకు ఇద్దరు టీచర్లు తగ్గారు, సెయింట్ లూసియాకు ఇద్దరు పెరిగారు. వారి కుమారుడు కూడా 1933లో చదువుకోసం లండను వెళ్ళాడు. 1979లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. అంతకు ముందే తిరిగి వచ్చి వెస్టిండీస్ విశ్వవిద్యాలయానికి సారథ్యం వహించాడు, కరీబియన్ అభివృద్ధి బ్యాంకుకు మొదటి అధ్యక్షుడయ్యాడు. అతణ్ణి ఓడ ఎక్కనివ్వకుండా ఆపి ఉంటే ఎవరికి లాభం?

అదే దీవిలో మరొక ఇల్లు ఉంది. కవి డెరెక్ వాల్కాట్ 1992లో సాహిత్యంలో నోబెల్ పొందాడు. అతనికి ఏడాది వయసప్పుడే తండ్రి పోతే, తల్లి అలిక్స్ అక్కడే ఉండి మెథడిస్టు శిశుపాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా పనిచేస్తూ ముగ్గురు బిడ్డలను పెంచింది. వెళ్ళినవారూ, ఉన్నవారూ ఇద్దరూ గౌరవనీయులే. వెళ్ళడం పాపం కాదు. కాని వెళ్ళిన ప్రతివారూ ఆర్థర్ లూయిస్ అవుతారని చెప్పి, వదిలివెళ్ళిన తరగతిని మరచిపోవడం కూడా సరికాదు. ఆమె ఇంటికి పంపించే డబ్బు దీవికి వస్తున్నది గదా అంటారు. అది ఆమె కుటుంబానికి వస్తుంది. ఆమె తరగతిలోని పిల్లకు అందులో పైసా రాదు. కనీసం సంవత్సరం మధ్యలో కాక, పరీక్షలయ్యాక, ముందుగా చెప్పి వెళ్ళడం ఆమె చేతిలో ఉన్న పని. అంతవరకు ఆమెది బాధ్యత.

రెండవది, తీసుకుపోయిన దేశం. ఇక్కడ లెక్క వేరు. ఆ టీచరును తయారుచేయడానికి అయిన ఖర్చు దీవి ప్రజల పన్నులనుండి వచ్చింది. చెరకు తోటలో, అరటి తోటలో పనిచేసినవారి డబ్బు అది. తయారైన టీచరును ఖర్చు లేకుండా పొందిన ధనిక దేశం తన బడులలో ఇరుకు తగ్గించుకుని, పేదవాడి బడిలో ఇరుకు పెంచింది. దీనిని దొంగతనం అనలేము, ఎందుకంటే టీచరు ఎవరి సొత్తూ కాదు, తన ఇష్టంతో వెళ్ళింది. అయినా ఒక పని వల్ల లాభం పొందినవాడు దానివల్ల వచ్చిన భారంలో పాలు పంచుకోవాలన్నది న్యాయం. అది మనిషికి వెల కట్టడం కాదు. ఖాళీ అయిన గదికి బాధ్యత వహించడం.

దీవుల ప్రభుత్వాలు ఈ మాటే అడిగాయి. 2002లో కరీబియన్ విద్యామంత్రులు బార్బడోస్‌లో కూడి ఈ విషయం లేవనెత్తారు. దాని ఫలితంగా 2004 సెప్టెంబరు 1న కామన్వెల్త్ దేశాలు టీచర్ల నియామకంపై ఒక ఒడంబడిక చేసుకున్నాయి. టీచరుకు వలస వెళ్ళే హక్కు ఉంది, పంపే దేశపు బడులను దెబ్బతీయకూడదు, వెళ్ళిన టీచరును మోసం చేయకూడదు అన్న మూడు సంగతులనూ అది ఒప్పుకుంది. చక్కని సమతూకమే. కాని దానికి చట్టబలం లేదు. మాట ఇచ్చినవారి మనస్సాక్షి మీదనే అది నిలబడాలి.

మూడవది, ఇరుకు బడిలో పరాయి పిల్ల. అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఇదే. ప్రొవిడెన్షియాలెస్‌లో ఒక తల్లి ఇలా అనుకోవచ్చు: "ఈ బడి మా తాతముత్తాతల దీవిలోది. మా పిల్లకే చోటు చాలడం లేదు. ఇంట్లో క్రియోల్ మాట్లాడే హైతీ పిల్లలకు ఇంగ్లీషు నేర్పడానికే టీచరు కాలమంతా పోతుంటే మా పిల్ల గతి ఏమిటి?" ఆ తల్లిని కఠినురాలనడం తేలిక. కాని ఆమె బాధ నిజమైనది. చూపు తరుగుతుందని మనమే మొదట ఒప్పుకున్నాం గదా.

దగ్గరివారికి మొదట మేలు చేయడం ధర్మమే అని పునీత తోమాసు అక్వినాసువారు కూడా ఒప్పుకున్నారు. అయితే వారు అక్కడే ఆగలేదు. పరాయివాడు అత్యంత అవసరంలో ఉండి, మనవాడికి అంత అవసరం లేనప్పుడు, సొంత తండ్రికంటె ముందుగా ఆ పరాయివానికే సాయపడవలసి రావచ్చునని చెప్పారు. దగ్గరితనం ఒక కొలత, అవసరం మరొక కొలత. ఇరుకు గదిలో కూర్చున్న పిల్లకు చదువు కొంత తగ్గుతుంది. గుమ్మంలోనే ఆగిపోయిన పిల్లకు చదువే ఉండదు. ఈ రెండు నష్టాలూ ఒకటి కావు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక కూడా ప్రాథమిక విద్య అందరికీ ఉచితంగా ఉండాలన్నది. అందరికీ అంటే కాగితాలున్నవారికి మాత్రమే అని అందులో లేదు.

ఇంకొక సంగతి. టర్క్స్ అండ్ కైకోస్‌లో ఆదాయపు పన్ను లేదు. ప్రభుత్వానికి వచ్చే రాబడిలో పెద్దభాగం దిగుమతి సుంకాలు, హోటళ్ళమీది పన్నులు. అంటే దిగుమతి సరుకు కొన్న హైతీ కూలీ కూడా పన్ను కట్టినట్టే. అతడు ఊడ్చిన హోటలు గది కూడా పన్ను కట్టింది. కాబట్టి ఆ తల్లి కోపం న్యాయమైనదే గాని, అది చేరవలసిన చోటు పక్క బెంచీ కాదు. నూరు గదుల హోటలుకు అనుమతి ఇచ్చిన రోజునే, దానిలో పనిచేసేవారి పిల్లలకు ఎన్ని బడి గదులు కావాలో, ఎందరు టీచర్లు కావాలో లెక్క వేసి ఉండవలసింది. పేదవాళ్ళు ఇద్దరు ఒక బెంచీకోసం తగవులాడుతుంటే, బెంచీలు చేయించవలసినవాడు ఎక్కడున్నాడని అడగడమే న్యాయానికి మొదటి మెట్టు.

ఈ విషయంలో శ్రీసభకూ పాలు ఉంది. గ్రెనడా, సెయింట్ లూసియా, డొమినికా దీవులలో ఎన్నో ప్రాథమిక పాఠశాలలను మొదలుపెట్టినవి కతోలిక, ఆంగ్లికన్, మెథడిస్టు సభలే. మన ఎయిడెడ్ పాఠశాలలవలె జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, పేరు సభది. పేరు మనది అయినప్పుడు, వెనుక బెంచీలోని పిల్ల కూడా మనదే. సభ నడిపే బడికి గొప్పతనం మంచి ఫలితాలనుండి రాదు. తేలికగా నేర్చుకునేవారిని ఏరుకుని కష్టమైనవారిని పక్క బడికి వదిలితే ఫలితాలు ఎవరికైనా వస్తాయి.

ప్రియ పాఠకులారా, ఆ దీవులు మనకు చాలా దూరం. అయినా మన విచారణలలో నర్సుగానో, టీచరుగానో, ఇంజనీరుగానో ఇల్లు విడిచి వెళ్ళిన బిడ్డ ఉన్న కుటుంబాలు ఎన్ని లేవు? వారిని పంపించడంలో తప్పు లేదు. 2023లో వలసదారుల దినానికి ఫ్రాన్సిస్ పోపుగారు ఎంచుకున్న అంశం, వెళ్ళాలో ఉండిపోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మనిషికి ఉండాలన్నది. ఆ మాటను రెండువైపులా చదవాలి. ఉన్న ఊరిలో బ్రతకలేని జీతం ఇచ్చి, ఉండిపొమ్మని ఉపదేశం చేస్తే అది స్వేచ్ఛ కాదు. టీచరు ఉండిపోవాలని కోరేవారు, ఆమె ఉండగలిగేటట్టు చేయవలసినవారు కూడా.

కనుక ఒక చిన్న పని చేయండి. ఈసారి పిల్లల బడికి వెళ్ళినప్పుడు మార్కులు, ర్యాంకులు అడిగిన తరువాత మరి మూడు ప్రశ్నలు అడగండి. ఈ తరగతిలో ఎంతమంది పిల్లలున్నారు? ఈ టీచరు ఎన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నారు? ఆమెకు నెలనెలా జీతం సరిగా అందుతున్నదా? ఈ మూడింటి జవాబులోనే మీ బిడ్డ పాలికి ఎంత చూపు వస్తున్నదో తెలిసిపోతుంది. వీలైతే నాలుగవ ప్రశ్న కూడా అడగండి: వెనుక బెంచీలో మీ బిడ్డ పక్కన కూర్చున్న పిల్ల ఎలా చదువుతున్నది? తల్లిదండ్రులందరూ ఈ ఒక్క ప్రశ్న అడిగే బడిలో పిల్లలు ఎక్కువైనా, ఏ పిల్లా ఎవరి కంటా పడకుండా పోదు.